నానోట్యూబులో నీళ్లు: వేడిని మోసేది నీరా, గోడా?

మే నెలలో బల్లార్షా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద సీసాలో నీళ్లు చూస్తుండగానే వేడెక్కిపోతాయి. అదే ఎండలో ఇంటి మూల ఇసుక మీద కూర్చున్న రంజన్‌లో, అంటే మట్టి కుండలో, నీళ్లు గొంతు జిల్లుమనేంత చల్లగా ఉంటాయి. నీళ్లూ వేడీ కలిస్తే ఏం జరుగుతుందో మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పే పని లేదు. కానీ ఈ కథ వెంట్రుకలో లక్షో వంతు లావున్న గొట్టంలోకి వెళ్లేసరికి తెలిసిన లెక్కలన్నీ తారుమారవుతాయి. అక్కడి నుంచే మూడు మాటలు బయటికొచ్చి ఫోన్లలో తిరుగుతున్నాయి. కార్బన్ నానోట్యూబు అనే ఆ గొట్టంలో నీళ్లు 100 డిగ్రీలు దాటినా గడ్డకట్టే ఉంటాయని ఒకటి. వాటిలో నీళ్లు వేల రెట్ల వేగంతో పరుగెడతాయని రెండోది. నానోట్యూబు రాగి కంటే ఎన్నో రెట్లు బాగా వేడిని మోస్తుందని మూడోది.

మూడూ నిజమైన ప్రయోగాల్లోంచి వచ్చినవే. చిక్కల్లా ఈ మూడింటినీ ముడివేసి పుట్టించిన నాలుగో మాటతోనే: నీళ్లు నింపిన నానోట్యూబు వేడిని ఇంకా అద్భుతంగా మోస్తుందట. ఉన్న లెక్కలు దీనికి అడ్డంగా ఉన్నాయి. ఎందుకో తెలియాలంటే గొట్టం దగ్గర మొదలుపెట్టి, నీటి మీదుగా, చివరికి వేడి దగ్గరికి రావాలి.

బొగ్గూ కార్బనే, గొట్టమూ కార్బనే

చంద్రపూర్ గనుల్లో తవ్వే బొగ్గులో పెద్ద వాటా కార్బన్‌దే. బొగ్గు వేడిని మోయడంలో మాత్రం బహు బద్ధకం. దాని ఉష్ణవాహకత 0.2 నుంచి 0.3 దాకా ఉంటుంది. ఈ అంకె అర్థం ఇది: మీటరు పొడవు, చదరపు మీటరు అడ్డుకోత ఉన్న దిమ్మె రెండు కొసల మధ్య ఒక్క డిగ్రీ తేడా ఉంటే ఎన్ని వాట్ల వేడి దాటుతుందన్నది. నీటికి ఇది 0.6, ఐసుకు 2 పైచిలుకు, ఇనుప గొట్టానికి సుమారు 50, రాగికి 400. ఒక్క కార్బన్ నానోట్యూబు మీద చేసిన కొలతల్లో 3,000 పైన వచ్చింది.

బొగ్గులోనూ నానోట్యూబులోనూ ఉన్నది అదే కార్బన్ పరమాణువు. తేడా అంతా అమరికలో ఉంది. బొగ్గులో పరమాణువులు అడ్డదిడ్డంగా, మధ్యలో హైడ్రోజన్, ఆక్సిజన్, బూడిదతో కలగలిసి ఉంటాయి. పెన్సిల్ పుల్లలోని గ్రాఫైటులో అయితే తేనెపట్టు గదుల్లా షట్కోణాలుగా, పొర మీద పొరగా సర్దుకుని ఉంటాయి. అందులో ఒక్క పొరను విడదీస్తే గ్రాఫీన్. దాన్ని చాపలా చుట్టి అంచుకు అంచు అతికినట్టు ఊహిస్తే నానోట్యూబు. నిజానికి దీన్ని ఎవరూ చుట్టరు. 600 నుంచి 1,000 డిగ్రీల కొలిమిలోకి మీథేన్, ఇథిలీన్ లాంటి వాయువు పంపితే ఇనుము, కోబాల్ట్ రేణువుల మీద అది విరిగి, రేణువు నుంచి గొట్టం మొలకలా పెరుగుతుంది. జపాన్‌లో సుమియో ఇజీమా 1991లో వీటి గురించి ప్రచురించినప్పుడు చూపినవి గొట్టంలో గొట్టంగా చాలా గోడలున్నవి. ఒకే గోడ ఉన్నవి 1993లో బయటపడ్డాయి.

చాపను ఏ కోణంలో చుట్టామో చెప్పడానికి రెండు అంకెల జత వాడతారు: (6, 6), (10, 10), (7, 5) ఇలా. గొట్టం వ్యాసం, అంటే అడ్డంగా కొలిచిన లావు, లెక్క తేలికే. మొదటి అంకె వర్గం, రెండో అంకె వర్గం, రెండింటి లబ్ధం, ఈ మూడూ కలిపి వర్గమూలం తీసి 0.0783తో హెచ్చిస్తే నానోమీటర్లలో (నానోమీటరు అంటే మీటరులో వందకోట్లో వంతు) వ్యాసం వస్తుంది. (6, 6)కి 36, 36, 36 కలిపితే 108, వర్గమూలం 10.39, వ్యాసం 0.81 నానోమీటర్లు. (10, 10)కి 1.36. (7, 5)కి 0.82 వస్తుంది, అంటే (6, 6)కి కవల లాంటిది. కానీ (6, 6) లోహంలా కరెంటును పంపుతుంది, (7, 5) సెమీకండక్టర్. ఇంత దగ్గరగా ఉన్న రెండింటికి స్వభావం ఇంత వేరు కావడమే ఈ రంగంలో సగం గందరగోళానికి మూలం. కొలిమిలోంచి బయటికొచ్చే మసిలో ఇలాంటి రకాలు పదుల కొద్దీ కలిసిపోయి ఉంటాయి మరి.

ఈ వ్యాసం ఒక గోడ పరమాణువు కేంద్రం నుంచి ఎదుటి గోడ పరమాణువు కేంద్రం దాకా కొలిచింది. పరమాణువులకు కూడా కాస్త లావుంటుంది కాబట్టి లోపల దొరికే చోటు కోసం 0.34 తీసేయాలి. (6, 6)లో మిగిలేది 0.47 నానోమీటర్లు. నీటి అణువు లావు సుమారు 0.28. ఒక్కటే పడుతుంది, పక్కన రెండోదానికి చోటు లేదు.

నీళ్లు గిట్టని గోడలోకి నీళ్లెందుకు దూరతాయి

గ్రాఫైటు మీద నీటి బొట్టు పెద్దగా పరుచుకోదు. అలాంటి గోడ ఉన్న సన్నటి గొట్టం లోపల పొడిగా ఉంటుందనే చాలామంది అనుకున్నారు. 2001లో గెర్హార్డ్ హమ్మర్, ఇద్దరు సహచరులు కంప్యూటర్ సిమ్యులేషన్‌లో 144 కార్బన్ పరమాణువుల (6, 6) గొట్టాన్ని, 1.34 నానోమీటర్ల పొడవుది, నీళ్లలో ముంచి చూశారు. గొట్టం వెంటనే నిండింది, నిండినట్టే ఉండిపోయింది. లోపల సగటున 5 అణువులు, ఒకదాని వెనక ఒకటి.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు సిరొంచ, కాళేశ్వరం వెళ్లినవాళ్లు బారికేడ్ల మధ్య క్యూ లైన్లు చూసే ఉంటారు. పక్కకు జరగడానికి లేదు, ముందున్నవాళ్లను దాటడానికి లేదు. ముందు మనిషి భుజం మీద ఒక చెయ్యి, తన భుజం మీద వెనక మనిషి చెయ్యి. సన్నటి గొట్టంలో నీటి అణువు అచ్చం ఇలాగే నిలబడుతుంది. బయట విడిగా ఉన్న నీటిలో ఒక్కో అణువుకు పక్క అణువులతో పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు సగటున మూడున్నర దాకా ఉంటాయి. గొట్టంలో ముందొకటి, వెనకొకటి, రెండే. అంటే లోపలికి రావడం అణువుకు శక్తి పరంగా నష్టం. అయినా వస్తుంది. ఎందుకు?

హమ్మర్ బృందం చెప్పిన కారణం ఇది: లోపల ఉన్న బంధాలు తక్కువే గానీ స్థిరమైనవి, మరీ బలహీనంగా పట్టుకున్న అణువులు అక్కడ అరుదు. 2011లో టాడ్ పాస్కల్, విలియం గొడ్డార్డ్, యూసుంగ్ జంగ్ లెక్కలు దీన్ని ఇంకాస్త విడదీశాయి. సుమారు 0.8 నుంచి 1.0 నానోమీటర్ల గొట్టాల్లో నీళ్లు ఆవిరి అణువుల్లా స్వేచ్ఛగా తిరుగుతాయి, ఆ స్వేచ్ఛే లోపలికి లాగుతుంది. 1.1, 1.2 దగ్గర ఐసులా కట్టుదిట్టంగా సర్దుకుంటాయి, అక్కడ లాగేది బంధాల బలం. 1.4 దాటాక మామూలు నీటి గుణం తిరిగి వస్తుంది. ఒకే ప్రశ్నకు గొట్టం లావును బట్టి మూడు జవాబులన్నమాట. ‘నానోట్యూబులో నీళ్లు’ అని ఏకవచనంలో మాట్లాడడమే అసలు పొరపాటు.

వంద డిగ్రీలు దాటినా కరగని ‘ఐసు’

2001లోనే కెనిచిరో కోగా, హిదెకి తనాకా బృందం సిమ్యులేషన్‌లో ఇంకో వింత చూపింది. 1.1 నుంచి 1.4 నానోమీటర్ల గొట్టాల్లో, బాగా ఒత్తిడి పెట్టి చల్లబరిస్తే, నీళ్లు నాలుగు, ఐదు, ఆరు, ఏడు అణువుల గాజుల్లా ఏర్పడి, గాజు మీద గాజుగా పేరుకుంటాయి. మన ఫ్రిజ్‌లో ఐసు ఇలా ఉండదు. తర్వాత యుతాకా మనివా బృందం ఎక్స్‌రేలతో ఇలాంటి నిర్మాణాలను నిజంగానే చూసింది. సన్నటి గొట్టంలో అయితే అవి గది వేడికి దగ్గర దాకా కరగకుండా నిలిచాయి.

అసలు సంచలనం 2016లో వచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో మైకేల్ స్ట్రానో బృందం ఒక్కొక్క గొట్టాన్ని విడిగా తీసుకుని రామన్ స్పెక్ట్రోస్కోపీతో చూసింది, అంటే లేజరు కాంతి వేసి, చెదిరి వచ్చే కాంతిని బట్టి కంపనాలను పట్టే పద్ధతితో. ఉబ్బుతూ సంకోచిస్తూ ఊపిరి పీల్చినట్టు గొట్టానికి ఒక కంపనం ఉంటుంది. దాని పౌనఃపున్యం అంకె సుమారుగా 248ని వ్యాసంతో భాగిస్తే వస్తుంది. లోపల నీళ్లు చేరితే ఆ అంకె కొద్దిగా పెరుగుతుంది, నీళ్లు ద్రవం నుంచి ఘనానికి మారితే మళ్లీ జరుగుతుంది. ఈ కొద్దిపాటి జరుగుడు చూసే కరిగే వేడిని పట్టారు.

వచ్చిన అంకెలివి. 1.05 నానోమీటర్ల గొట్టంలో కరగడం 105, 151 డిగ్రీల మధ్య ఎక్కడో ఉంది. 1.06లో 87, 117 మధ్య. 1.15కి వచ్చేసరికి మైనస్ 35, ప్లస్ 10 మధ్యకు పడిపోయింది. 1.44లో మళ్లీ లేచి 15, 49 మధ్య, 1.52లో 3, 30 మధ్య. వరస చూడండి: లావు పెరిగేకొద్దీ తిన్నగా తగ్గలేదు, పడి లేచి మళ్లీ పడింది. గాజులోకి అణువులు సరిగ్గా సర్దుకునే లావుల దగ్గర గట్టిగా ఉంటుంది, ఒకటి ఎక్కువై ఒకటి తక్కువయ్యే లావుల దగ్గర వదులవుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘15, 49 మధ్య’ అంటే నీళ్లు 15 దగ్గర కరగడం మొదలుపెట్టి 49 దాకా కరుగుతాయని కాదు. 15 దగ్గర ఘనంలా ఉన్నాయి, 49 దగ్గర ద్రవంలా ఉన్నాయి, మార్పు ఆ మధ్యలో ఎక్కడో ఉంది. చంద్రపూర్‌లో మే మధ్యాహ్నం 46, 47 డిగ్రీలు మామూలే. జనవరి తెల్లవారుజామున 10, 12కి దిగుతుంది. కాబట్టి 1.44 గొట్టం అక్కడ ఉంటే చలికాలం తెల్లవారుజామున లోపలి నీళ్లు గట్టిగా ఉన్నాయని చెప్పొచ్చు. మే మధ్యాహ్నం గురించి ఈ కొలత నోరు విప్పదు.

మరి అది ఐసేనా? ‘ఐసు’ అనే మాటను వాళ్లే జాగ్రత్తగా వాడారు. రామన్ గీత జరిగిందని తెలుస్తుంది గానీ స్ఫటికం ఆకారం దాన్ని బట్టి తెలియదు. కాబట్టి ‘ఘనంలాంటి స్థితి’ అన్నారు. పైగా ఒక కొలత మీద కొలత తాలూకు పద్ధతి నీడ ఎప్పుడూ పడుతుంది. లేజరు కాంతి తానే గొట్టాన్ని కొంత వేడి చేయగలదు, అప్పుడు చూపే డిగ్రీలకూ గొట్టంలో నిజంగా ఉన్న డిగ్రీలకూ తేడా వస్తుంది. వ్యాసంలో 0.01 నానోమీటరు తేడాకే కరిగే వేడి అంత మారుతున్నప్పుడు గొట్టం ఏ రకమో గుర్తించడంలో చిన్న పొరపాటు కూడా పెద్దదే. సిమ్యులేషన్లు ఊహించిన దానికంటే ఈ అంకెలు చాలా ఎక్కువగా ఉండడానికి కారణం భౌతికమా, పద్ధతా అన్న వాదం ఇక్కడే మొదలవుతుంది.

వేల రెట్ల వేగం: ఎవరితో పోలిస్తే?

వేగం కథ చిన్నది. 2005లో మజుందార్, హిండ్స్ బృందం సుమారు 7 నానోమీటర్ల గొట్టాలున్న పొర గుండా నీళ్లు మామూలు సూత్రం చెప్పే దానికంటే పదివేల రెట్లకు పైగా వేగంతో పోయాయని రాసింది. 2006లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల బృందం 2 నానోమీటర్ల లోపు గొట్టాలతో వెయ్యి రెట్లు పైన అంది. ‘మామూలు సూత్రం’ అన్నది గుర్తుంచుకోవాలి. గోడను ఆనుకున్న నీళ్లు కదలవని ఆ సూత్రం నమ్మిక. నానోట్యూబు నునుపైన గోడ మీద నీళ్లు జారిపోతాయి, కాబట్టి ఆ నమ్మికతో వచ్చిన అంకె మరీ చిన్నది, నిష్పత్తి మరీ పెద్దది. 2016లో లిడెరిక్ బొకే బృందం ఒక్కో గొట్టాన్ని విడిగా కొలిచి, సన్నవాటిలో జారుడు ఎక్కువని తేల్చింది. అదే ఆకారం, దాదాపు అదే నునుపు ఉన్న బోరాన్ నైట్రైడ్ గొట్టంలో జారుడే లేదు. కార్బన్ గొట్టాల్లో లావును బట్టి జారుడు మారడానికి గోడ ఎలక్ట్రాన్లకూ నీటి కుదుపులకూ మధ్య రాపిడే కారణమని 2022లో అదే బృందం సిద్ధాంతం ప్రతిపాదించింది. పోటీ వివరణలు కూడా ఉన్నాయి.

రెట్లు వదిలేసి గ్లాసుల్లో లెక్కేద్దాం. హమ్మర్ సిమ్యులేషన్‌లో నానోసెకనుకు, అంటే సెకనులో వందకోట్లో వంతుకు, సుమారు 17 అణువులు గొట్టం దాటాయి. అవి రెండు దిక్కులా పోయినవి, ఒకే దిక్కున పోయాయనే అనుకుందాం. 200 మిల్లీలీటర్ల గ్లాసులో అణువులు 6.7ను 10తో 24 సార్లు హెచ్చించినన్ని. ఒక్క గొట్టంతో ఆ గ్లాసు నిండడానికి కోటీ పాతిక లక్షల సంవత్సరాలు పడుతుంది. చదరపు సెంటీమీటరులో పదివేల కోట్ల గొట్టాలు నిలబెడితే అదే గ్లాసు గంటా ఆరు నిమిషాల్లో నిండుతుంది. కష్టమల్లా అన్ని గొట్టాలనూ కొసలు తెరిచి, పక్కన ఒక్క చిల్లు లేకుండా నిలబెట్టడంలో ఉంది. ఒక్క నెర్రె పడితే నీళ్లన్నీ దానిగుండానే పోతాయి, వేగం మాత్రం గొట్టాల ఖాతాలో పడుతుంది.

వేడి అనేది వ్యాగన్ల కుదుపు

ఇక వేడి. బల్లార్షా యార్డులో బొగ్గు రేకుకు, అంటే వ్యాగన్ల వరసకు, ఇంజను తగిలినప్పుడు గమనించండి. మొదటి వ్యాగన్ ఠక్కుమంటుంది, తర్వాత రెండోది, మూడోది, ఠకఠకమంటూ కుదుపు చివరి దాకా పరుగెడుతుంది. ఏ వ్యాగనూ జానెడు కంటే కదలదు. పోయింది కుదుపు మాత్రమే. ఘనపదార్థంలో పరమాణువుల కుదుపు ఇలా అలగా పోవడాన్ని ఫోనాన్ అంటారు. నానోట్యూబులో వేడిలో దాదాపు అంతటినీ మోసేవి ఫోనాన్లే. రాగిలో అయితే ఆ పని ఎలక్ట్రాన్లది.

కుదుపు ఎంత దూరం చెదరకుండా పోగలదన్నదే ఉష్ణవాహకతను నిర్ణయిస్తుంది. నానోట్యూబులో బంధాలు బిగువు, పరమాణువు తేలిక, వరస చెక్కుచెదరనిది. అందుకే కుదుపు వందల నానోమీటర్లు తిన్నగా పోతుంది. నీటిలో అణువులు పక్కపక్కనున్న గుంపు లాంటివి, కుదుపు నాలుగడుగులకే చెల్లాచెదురవుతుంది.

నీళ్లు వేడిని మోయడంలో గట్టివని మన అనుభవం చెబుతుంది కదా, థర్మల్ పవర్ స్టేషన్ నడిచేది నీటి మీదే కదా అనిపించొచ్చు. అక్కడ నీళ్లు మోసే తీరు వేరు. అవి వేడిని మూటగట్టుకుని పారతాయి, ఆవిరై లేస్తాయి. రంజన్ చల్లదనం కూడా మట్టి రంధ్రాల్లోంచి చెమర్చిన నీళ్లు ఆవిరవుతూ పట్టుకుపోయిన వేడి వల్లే. కదలకుండా నిలబడి వేడిని అందించడంలో నీళ్లు ఇనుము ముందు ఎందుకూ కొరగావు.

గొట్టం లోపల నీళ్లు చేరితే లెక్క ఎటు తిరుగుతుంది

2006లో ఎరిక్ పాప్, హోంజీ డై బృందం 1.7 నానోమీటర్ల వ్యాసం, 2.6 మైక్రోమీటర్ల పొడవున్న ఒంటి గోడ గొట్టాన్ని వేలాడదీసి కొలిచింది. గది వేడి దగ్గర ఉష్ణవాహకత సుమారు 3,500. ఈ గొట్టాన్నే తీసుకుందాం.

గోడ అడ్డుకోత: 3.14ను 1.7తో, 0.34తో హెచ్చిస్తే 1.8 చదరపు నానోమీటర్లు. దీన్ని 3,500తో హెచ్చించి పొడవుతో భాగిస్తే, డిగ్రీ తేడాకు 2.4 నానోవాట్లు గోడ గుండా పోతాయి. ఇప్పుడు లోపల నీళ్లు నింపామనుకుందాం. లోపలి చోటు 1.36 నానోమీటర్ల వెడల్పు, అడ్డుకోత 1.45. నీటి ఉష్ణవాహకత 0.6 వేస్తే డిగ్రీకి 0.00033 నానోవాట్లు. గోడ మోసే దాంట్లో ఏడు వేలో వంతు. లోపలి నీళ్లు మామూలు నీటి కంటే పది రెట్లు బాగా మోస్తాయని ఒప్పుకున్నా ఏడువందలో వంతే అవుతుంది.

పారే నీళ్లు మూటగట్టుకుని పోతాయేమో? నానోసెకనుకు 17 అణువుల ప్రవాహం బరువు కట్టి, నీటి విశిష్టోష్ణంతో హెచ్చిస్తే డిగ్రీకి 0.002 నానోవాట్లు. అది సన్న గొట్టం లెక్క, ఇది కాస్త లావుది. అయినా వెయ్యో వంతు స్థాయి అని తెలుస్తూనే ఉంది.

మరి నీళ్ల వల్ల ఏమీ మారదా? మారుతుంది, తలకిందుగా. 2010లో జాన్ థామస్, అలెన్ మెక్‌గోహీ, మరో సహచరుడు కలిసి 0.83 నుంచి 1.36 నానోమీటర్ల గొట్టాలను ఖాళీగానూ, నీటితోనూ సిమ్యులేషన్‌లో పోల్చారు. నీళ్లున్న గొట్టాల ఉష్ణవాహకత 20 నుంచి 35 శాతం తక్కువ వచ్చింది. నిదానంగా ఊగే పొడుగాటి అలలే ఎక్కువ దూరం వేడిని మోస్తాయి, లోపలి నీటి అణువులు గోడకు తగులుతూ సరిగ్గా వాటినే చెదరగొడతాయి. వ్యాగన్లలో సరుకు బిగించి కట్టకుండా వదులుగా పోస్తే కుదుపులో కొంత సరుకే మింగేస్తుంది చూడండి, అలా. మన 1.7 గొట్టం వాళ్లు చూసిన పరిధిలోది కాదు, కానీ 25 శాతం పోయిందనుకుంటే పోయినది 0.6 నానోవాట్లు, నీళ్ల వల్ల వచ్చినది 0.00033. నష్టం లాభానికి 1,800 రెట్లు.

ఈ 20–35 శాతానికి కూడా కొంత నమ్మికే ఆధారం. సిమ్యులేషన్‌లో నీటి అణువుకూ కార్బన్‌కూ మధ్య ఆకర్షణ ఎంతో ముందే అంకె వేసుకోవాలి. అది కాస్త పెంచితే చెదరగొట్టడం పెరుగుతుంది. పైగా ఇవి క్లాసికల్ లెక్కలు, అంటే క్వాంటం నియమాలను లెక్కలోకి తీసుకోనివి. గది వేడి దగ్గర కార్బన్ కంపనాల్లో చాలావాటిని క్వాంటం నియమాలు అణచి ఉంచుతాయి, క్లాసికల్ లెక్క మాత్రం అన్నింటికీ సమానంగా శక్తి పంచేస్తుంది. తగ్గుతుందన్న దిశ మీద నమ్మకం ఎక్కువ, ఎంత శాతమన్న దాని మీద తక్కువ.

గోడకూ నీటికీ మధ్య కనపడని స్కేలు

బోరు నీళ్లు పోసే గీజర్ కాయిల్‌కు ఏడాదిలో తెల్లటి ఉప్పు పొర కడుతుంది. బాయిలర్ పనివాళ్లు దీన్నే స్కేలు అంటారు. 4 మిల్లీమీటర్ల ఇనుప గోడ వేడికి చేసే అడ్డు 0.004ను 50తో భాగించినంత, అంటే 0.00008. ఉష్ణవాహకత 1 ఉన్న స్కేలు 0.3 మిల్లీమీటర్లే అయినా దాని అడ్డు 0.0003. ఇనుప గోడ కంటే దాదాపు నాలుగు రెట్లు. ట్యూబు వేడెక్కి ఉబ్బి పగిలేది ఇందుకే.

నానో స్థాయిలో స్కేలు లేకపోయినా దాని పని జరుగుతుంది. రెండు వేర్వేరు పదార్థాలు ఆనుకున్న చోట కుదుపు ఒకదాన్నుంచి ఇంకోదానికి పూర్తిగా ఎక్కదు, కొంత వెనక్కి తిరుగుతుంది. ప్యోటర్ కపిత్సా 1941లో ద్రవ హీలియంకూ రాగికీ మధ్య దీన్ని కొలిచాడు కాబట్టి కపిత్సా నిరోధం అంటారు. సబ్బులాంటి పదార్థం చుట్టి నీటిలో తేలేసిన నానోట్యూబులకు 2003లో హక్స్‌టబుల్, డేవిడ్ కేహిల్ బృందం కొలిచినది: చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 కోట్ల వాట్లు. పెద్ద అంకెలా ఉంది. నీటి ఉష్ణవాహకత 0.6ను దాంతో భాగించండి. 50 నానోమీటర్లు వస్తుంది. అంటే నానోమీటరు లావు గొట్టం చుట్టూ 50 నానోమీటర్ల మందాన కదలని నీటి దుప్పటి కప్పినంత అడ్డు. ఇది బయటి గోడది, లోపలి గోడ అంకె వేరుగా ఉండొచ్చు, కానీ సమస్య స్వరూపం ఇదే.

నానోట్యూబులు కలిపిన కూలెంట్లు, పేస్టుల ప్రచారం తడబడేది సరిగ్గా ఈ అంచు దగ్గరే. ఒంటి గొట్టం 3,500 ఇచ్చినా, కుప్పలో వేడి ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి దూకాలి, ప్రతి దూకుడులో ఒక కపిత్సా అడ్డు. ఆపైన గొట్టాలు కలిసి ఉండలు కడతాయి. నీటిలో కలవడానికి ఆసిడ్‌తో గోడను గరుకు చేస్తే అమరిక చెడి ఫోనాన్లు చెదురుతాయి. ఉత్ప్రేరకం తాలూకు ఇనుము మిగిలిపోతుంది. 2001లో స్టీఫెన్ చోయ్ బృందం నూనెలో ఒక్క శాతం నానోట్యూబులు కలిపితే ఉష్ణవాహకత రెండున్నర రెట్లయిందని రాసినప్పుడు ఆశలు ఆకాశాన్నంటాయి. 2009లో ముప్పైకి పైగా ప్రయోగశాలలు ఒకే నమూనాలను విడివిడిగా కొలిచి చూశాయి. అవి ఎక్కువగా అల్యూమినా, బంగారం వంటి రేణువులు కలిపిన ద్రవాలు, నానోట్యూబులవి కావు. వాటిలో పాత సూత్రాలు ఊహించినదానికి మించి అద్భుతమేదీ కనపడలేదు. నానోట్యూబులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి కథ వేరని అనేవాళ్ల వాదన పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు, పొడుగు రేణువులు గుండ్రటివాటి కంటే వేడికి మెరుగైన దారి వేస్తాయి. కాకపోతే దారి మధ్యలో గేట్లు ఎన్నున్నాయన్నది రెండు పక్షాలూ లెక్కపెట్టాల్సిందే.

ఒకే గొట్టానికి రెండు అంకెలు

వార్తల్లో ఒకచోట 3,000, ఇంకోచోట 6,600 కనపడితే ఎవరో అబద్ధమాడారని కాదు. 6,600 అనేది 2000లో బెర్బర్, డేవిడ్ టొమానెక్ తదితరులు (10, 10) గొట్టానికి వేసిన లెక్క, కొలత కాదు. కొలతల్లో కూడా అడ్డుకోత ఏదనుకున్నామన్నది తేడా తెస్తుంది. గోడ మందం 0.34 అని ఉంగరం వైశాల్యం తీసుకునేవాళ్లున్నారు, మొత్తం వృత్తం తీసుకునేవాళ్లున్నారు. 10 నానోమీటర్ల ఒంటి గోడ గొట్టానికి ఉంగరం 10.7 చదరపు నానోమీటర్లు, వృత్తం 78.5. అదే వేడికి ఉష్ణవాహకత ఏడు రెట్లు మారిపోతుంది. నీళ్లు నింపిన గొట్టాన్ని వృత్తంతో, ఖాళీదాన్ని ఉంగరంతో లెక్కేసి పోల్చినవాటిని వెంటనే పక్కన పెట్టొచ్చు.

పొడవు గొడవ ఇంకా లోతైనది. 1822 నాటి ఫూరియే నియమం ప్రకారం ఉష్ణవాహకత పదార్థం గుణం, పొడవుతో పనిలేదు. ఒకే వరసగా ఉన్న పరమాణువుల గొలుసులో అలా కాకపోవచ్చని 1955లో అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాల కంప్యూటర్ మీద ఫెర్మీ, పాస్టా, ఉలామ్, సింగౌ చేసిన లెక్కల నుంచే అనుమానం మొదలైంది. నానోట్యూబుల్లో పొడవు పెరిగేకొద్దీ ఉష్ణవాహకత పెరుగుతోందని 2008లో అలెక్స్ జెట్టల్ బృందం కొలిచింది. 2017లో మిల్లీమీటరు దాకా పెరుగుతూనే ఉందన్న కొలత వచ్చింది. గోడ నుంచి కాంతిగా పోయే వేడిని సరిగా లెక్కలోకి తీసుకోలేదని దాని మీద అభ్యంతరమూ వచ్చింది. నీళ్లు లోపలుంటే ఈ పెరుగుదలకు పగ్గం పడుతుందన్నది తార్కికంగా పొసుగుతుంది, పొడుగాటి అలలను చెదరగొట్టేది నీళ్లే కదా.

దీన్ని ఒక్క గొట్టం మీద నేరుగా కొలవాలంటే ఒక పేచీ ఉంది. వేడి పక్కకు కారిపోకుండా ఉండాలంటే గొట్టాన్ని రెండు సన్నటి హీటర్ల మధ్య వేలాడదీసి, చుట్టూ గాలి తోడేసి కొలుస్తారు. గాలి తోడేస్తే తెరిచిన కొసల నుంచి లోపలి నీళ్లు ఆవిరై పోతాయి. గాలి, తేమ ఉంచితే గొట్టం బయటి గోడ మీద కూడా నీళ్లు పట్టి, చూపించే తగ్గుదల లోపలి నీళ్లదో బయటివాటిదో చెప్పడం కష్టమవుతుంది. కొసలు మూసేద్దామంటే లోపల నీళ్లు నిండే ఉన్నాయని మళ్లీ రామన్ గీత చూసి నిర్ధారించుకోవాలి. ఆ లేజరు గొట్టాన్ని కొద్దిగా వేడి చేస్తుంది. కొలవబోతున్నది ఆ వేడినే.